చీనీ తొక్క చుట్టూ ఖాళీ

కాలేజీ ప్రయోగశాలలో కొత్తగా ఇద్దరు ఆడపిల్లలు అటెండర్లుగా చేరారట. వాళ్ళకు పనికొచ్చేదేదైనా రాసివ్వమని నాకు కబురు పంపారు. నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై ఎనిమిదేళ్ళు దాటాక. అందుకని నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. విషయం మాత్రం దిద్దవద్దు.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటు చేశారు, ఏ కాగితం కోసం ఎన్ని బల్లల చుట్టూ తిరిగాను అనేవి రాయను. అవి ఎట్లాగూ మీకే తెలిసొస్తాయి. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

మనం చేసే వంట

మీకు గాజు కడిగే పని అని చెప్పి ఉంటారు. అది సగమే. మిగతా సగం వంట. తినేవాళ్ళు కంటికి కనిపించరు.

నేను పనిచేసిన రోజుల్లో క్రిములకు పెట్టే తిండి పొడిగా డబ్బాల్లో దొరికేది కాదు. మాంసం ఉడికించి, నీళ్ళు వడగట్టి, అందులో సముద్రపు నాచు నుంచి తీసిన అగార్ వేసి మళ్ళీ కాచాలి. పలుచటి గాజుపళ్ళేల్లో పోస్తే అది జున్నులాగా గడ్డకడుతుంది. దాని మీద ఆసుపత్రి నుంచి తెచ్చిన చీము క్రిమిని పూస్తే, ఒక్క రోజులో పాల మీద మీగడలాగా పళ్ళెమంతా పరుచుకుంటుంది. క్రిమిని పూసిన వెంటనే ఆ గడ్డలో ఇనుప గొట్టంతో చిన్న చిన్న గుంటలు తీసి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క రసం పోసి, వెచ్చటి పెట్టెలో పెడతారు. మరుసటి రోజు చూస్తే, క్రిమిని చంపే గుణమున్న రసం చుట్టూ గుండ్రంగా తేటగా ఉంటుంది. అక్కడ ఏదీ పెరిగి ఉండదు. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. సార్లకు పేరొచ్చినా, పోయినా ఆ ఖాళీ వల్లనే.

మాంసం కొనడం నా పనే. కొవ్వు లేని కండ కావాలి. కొవ్వుంటే గంజి మసకబారుతుంది. వారానికి మూడుసార్లు పాతూరులో ఒక కొట్టుకు పోయేదాన్ని. కొట్టాయనకు నా సంగతి అంతుపట్టేది కాదు.

"ఏమక్కా, ఒక్కదానివే గదా, ఇంత కండ యాడ పెడతావు?" అని అడిగినాడు ఒకసారి.

"నాకు గాదప్పా. మా సారు పెంచేవాటికి."

"ఏం పెంచుతాండాడు మీ సారు, పులినా?"

"కంటికి కనపడవు."

"అట్లయితే రోంత బొక్కలేసినా వాటికి తెలీదులే!"

ఎముకలు వేసినాడు కూడా. గంజి చెడిపోయింది, రెండు రోజుల పని పోయింది. తూకం వేసేటప్పుడు అక్కడే నిలబడి చూడాలని ఆ రోజు తెలిసింది. మొహమాటం ఈ వృత్తికి పనికిరాదు.

వీధిలో మనం

ఇది మీకు ముందే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు.

పెనిమిటి విషజ్వరంతో పోయాక నేను ముదిగుబ్బ నుంచి అనంతపురం వచ్చాను. పిల్లలు లేరు. ఒక్క గది అద్దెకు తీసుకున్నాను. నేను చేసే పని ఏమిటో వీధిలో తెలిసేదాకా అందరూ బాగానే మాట్లాడారు. తెలిశాక కుళాయి దగ్గర నా బిందె పక్కన ఎవరూ బిందె పెట్టేవాళ్ళు కాదు. నేను ఇచ్చిన మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. బాలింత ఉన్న ఇంటి వాళ్ళు నేను పోతుంటే తలుపు దగ్గరికి వేసుకునేవాళ్ళు.

"ఏమే సుంకమ్మా, ఈ పొద్దు ఏ జబ్బుకు కూడు పెట్టొచ్చినావు?" అని ఒకామె రోజూ అడిగేది.

"కలరాకు పాయసం చేసినా. నీకు రోంత తెచ్చేదా?" అనేదాన్ని.

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వినాక వాళ్ళు ఒక పక్కకు, నేను ఒక పక్కకు.

కాలేజీలో ఇంకో రకం. అక్కడ నన్ను చూసి ఎవరూ భయపడరు. అసలు చూడరు. నేనున్న గదిలోనే నా గురించి మాట్లాడుకునేవాళ్ళు. నా పేరు పిలిచేది స్టోరు చూసుకునే దస్తగిరి అన్న ఒక్కడే. ఆయన సాయంత్రం తాళాలు వేసేటప్పుడు "సుంకమ్మా, నీ బిడ్డలు నిద్రపోయినారా?" అని వెచ్చటి పెట్టెను చూపించి అడిగేవాడు. పొద్దున నుంచి నా పేరు వినబడడం అదే మొదలు, అదే చివర.

చేతులు కడుక్కుంటే జబ్బు రాదు. ఒంటరితనం మాత్రం ఏ సబ్బుకూ పోదు. అది తెలిసి చేరండి.

తొక్కల సారు

నేను ముగ్గురు నలుగురు సార్ల కింద పనిచేశాను. ఇక్కడ రాసేది ఒక్కాయన గురించే. పేరు రాయను, తొక్కల సారు అంటాను. మేమంతా చాటుగా అట్లాగే అనేవాళ్ళం. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినాడు. భార్య పోయింది. పెద్దగా ఎవరితోనూ కలిసేవాడు కాదు. మా ఎండ ఆయనకు పడేది కాదు, మా మాట అసలే పడేది కాదు.

పండ్ల తొక్కలకు క్రిముల్ని చంపే గుణం ఉందా అని ఆయన పరీక్షిస్తున్నాడు. "మందుల ఖర్చు పెట్టుకోలేని చోట పారేసే తొక్కే మందైతే ఎంత మేలు" అని ఒకసారి దస్తగిరి అన్నతో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. నాతో ఆయన మాటలు మూడే: తే, కడుగు, ఆర్పు.

తొక్కలు ఏరుకొచ్చేది నేను. బస్టాండు దగ్గర చీనీ రసం, అంటే బత్తాయి రసం, తీసే బండ్ల వెంట, పండ్ల అంగళ్ళ వెనక గంప పట్టుకుని తిరిగేదాన్ని. "ఆకలైతే కాయ అడుగమ్మా, తొక్కేం జేసుకుంటావు" అని ఒక ముసలాయన నిజంగానే జాలిపడి ఒక చీనీకాయ చేతిలో పెట్టినాడు. దాన్ని కూడా తొక్క తీసి గంపలో వేసుకున్నాను.

చీనీ, దానిమ్మ, సీతాఫలం, అరటి: ఈ నాలుగు. మిద్దె మీద ఆరబోస్తే మా ఎండకు రెండు రోజుల్లో పటపటలాడేవి. రోట్లో దంచి, స్పిరిటులో నానబెట్టి, వడగట్టి, గాజుగిన్నెల్లో పోసి వేడినీళ్ళ మీద ఆరబెట్టాలి. అడుగున బెల్లంపాకం లాంటి జిగురు మిగులుతుంది. దాన్ని ఆ గిన్నెలోనే కొద్దిగా స్పిరిటు నీళ్ళతో కరిగించి పళ్ళెంలోని గుంటల్లో పోస్తాం. నాలుగు గుంటలు నాలుగు తొక్కలకు. అయిదో గుంటలో వట్టి స్పిరిటు నీళ్ళు. క్రిమిని చంపింది తొక్కా, స్పిరిటా అని సరిచూసుకోవడానికి ఆ అయిదోది. ఆ స్పిరిటు నీళ్ళు ఎప్పుడూ ఒకే చిన్న సీసాలో ఉండేవి. ఈ సీసా సంగతి గుర్తుపెట్టుకోండి.

నీళ్ళ బండి రాని ఏడు

ఆ తొక్క జిగురు ఒక పట్టాన వదలదు. దానికి క్రోమిక్ యాసిడ్ పోసి నానబెట్టాలి. బాగా పండిన చీనీ రంగులో ఉంటుంది, బట్ట మీద పడితే బట్ట పోతుంది. నానిన గిన్నెను కుళాయి ధార కింద పన్నెండుసార్లు కడగాలని సారు చేరిన కొత్తలోనే చెప్పినాడు. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

అరవైల్లో ఒక ఏడు వానలు పూర్తిగా పోయాయి. కుళాయి నిలిచిపోయింది. బుక్కరాయసముద్రం వైపు నుంచి ఎద్దుబండి మీద పీపాల్లో నీళ్ళు తెచ్చిపోసేవాళ్ళు. తర్వాత అదీ రెండు రోజులకొకసారి అయింది. కుళాయి ధారే లేనప్పుడు ధార కింద కడగడం ఎట్లా?

మా ఇళ్ళల్లో కరువు ఏడు గిన్నెలు ఎట్లా కడుగుతారో నాకు తెలుసు. వరసగా మూడు తొట్లు పెట్టుకుంటాం. మొదటి తొట్టిలో ముంచి, రెండో దాంట్లో ముంచి, మూడో దాంట్లో తీస్తాం. రెండు రోజులు అవే నీళ్ళు. చివరికి ఆ నీళ్ళు కూడా పారబోయం, బర్రెకో చెట్టుకో పోస్తాం. చెంబెడు నీళ్ళు నేలపాలు చేస్తే మా అవ్వ అన్నం పెట్టేది కాదు. నేను ప్రయోగశాలలోనూ అదే చేశాను. ఎవరినీ అడగలేదు. ఇందులో అడగడానికేముంది అనుకున్నాను.

మూడో తొట్టిలో నీళ్ళు సాయంత్రానికి లేత పసుపుగా అయ్యేవి. తొక్కల రంగు అనుకున్నాను.

నీళ్ళు ఇంత పొదుపుగా వాడుతున్నానని ప్రిన్సిపాలు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నా ఉద్యోగం మొత్తంలో నన్ను నలుగురిలో మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మెచ్చుకున్నది నా తప్పును.

సరిగ్గా ఆ నెలల్లోనే సారు పళ్ళేలు బాగా పండాయి. అంతకు ముందు గోరంత ఖాళీ వచ్చిన చోట వేలెడు ఖాళీ వచ్చింది. నాలుగు తొక్కల చుట్టూ ఖాళీలే. స్పిరిటు గుంట చుట్టూ మాత్రం ఏమీ లేదు. అంటే తొక్కలే పనిచేస్తున్నాయని సారు నమ్మినాడు. ఎవరైనా నమ్ముతారు.

నేను ఒలకబోసిన రోజు

ఒక రోజు పొద్దున సారు క్లాసులో ఉన్నాడు. గుంటలు నింపడం అప్పటికే నా చేతికి అప్పగించినాడు. చీనీ గిన్నె వంచుతుంటే జారింది. రసమంతా బల్ల మీద ఒలికిపోయింది. మళ్ళీ తయారు చేయాలంటే నాలుగు రోజులు పడుతుంది.

భయమేసింది. ఇక్కడి నుంచి పంపిస్తే నాకు పోవడానికి చోటు లేదు. అలమారలో నుంచి కడిగి ఆరబెట్టిన ఇంకొక గిన్నె తీశాను. అందులో కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దిగా పోసి, అటూ ఇటూ తిప్పి, చీనీ గుంటలో పోశాను. రేపు ఆ గుంట చుట్టూ ఏమీ రాదు, ఒక్క రోజుకు చీనీ పనిచేయలేదని రాసుకుంటాడు, అంతే కదా అనుకున్నాను.

మరుసటి రోజు పళ్ళెం తీస్తే అన్నిటికంటే పెద్ద ఖాళీ ఆ గుంట చుట్టూనే ఉంది.

సారు వెలుతురుకు పట్టి చూసినాడు. స్కేలు పెట్టినాడు. మళ్ళీ పెట్టినాడు. తర్వాత నా వైపు తిరిగి, "సుంకమ్మా, ఇటు రా. చూశావా ఇది?" అన్నాడు.

నా పేరు ఆయనకు తెలుసని ఆ రోజే తెలిసింది నాకు.

స్టూలు మీద కూర్చోబెట్టి పళ్ళెం నా చేతికిచ్చినాడు. "ఇదిగో, ఈ అంచు దాకా క్రిమి వచ్చి ఆగిపోయింది. ఇక ముందుకు రాలేకపోయింది. నువ్వు ఏరుకొచ్చిన తొక్కే దాన్ని ఆపింది" అన్నాడు. నేను తల ఊపాను. అందులో తొక్క లేదని నాకు తెలుసు. వట్టి నీళ్ళు క్రిమిని ఎట్లా చంపుతాయో తెలియదు.

ఆ తర్వాత పదిరోజులు ఆయన నాతో రోజూ మాట్లాడినాడు. తన ఊళ్ళో కాలువల గురించి, తన భార్య నిమ్మతొక్కలు ఎండబెట్టి తలకు రాసుకోవడం గురించి చెప్పేవాడు. ఒకసారి "నువ్వు చదువుకుని ఉంటే నాకంటే బాగా చేసేదానివి" అన్నాడు. నిజం దాచడం ఎంత తప్పో ఆ పది రోజులూ నాకు తెలుసు. ఆ పది రోజులు ఎంత బాగున్నాయో కూడా చెప్పకుండా ఉండలేను. ఇంటికి పోయాక గోడకు ఆనుకుని ఆ మాటలు మళ్ళీ మళ్ళీ తలుచుకునేదాన్ని.

తలుచుకుంటూనే ఇంకొకటి కూడా ఆలోచించాను. ఆ గుంటలో ఉన్నవి రెండే: నీళ్ళు, గిన్నె. నీళ్ళు కాచినవి, తప్పు వాటిది కాదు. గిన్నె? యాసిడ్‌లో నానింది, మూడు తొట్లలో మునిగింది. మరి స్పిరిటు సీసా? దానికి జిగురు పట్టదు. కాబట్టి దానికి నేను ఎన్నడూ యాసిడ్ పోయలేదు. అందుకే ఆ గుంట చుట్టూ ఎన్నడూ ఖాళీ రాలేదు. మూడో తొట్టిలోని పసుపు రంగు అప్పుడు కళ్ళ ముందు మెదిలింది.

క్రిమిని చంపింది యాసిడ్. నాలుగు నెలలుగా నేనే వేస్తున్నాను.

నాలుగో మంచం

చెప్పకుండా ఇంకా కొన్నాళ్ళు గడిపేదాన్నేమో. కానీ సారు ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడినాడు. ఆడవాళ్ళ వార్డులో మానని పుండ్లకు చీనీ రసం వాడి చూద్దామని నిర్ణయించారు. మార్తమ్మ అని ఒక నర్సమ్మ సీసాలు తీసుకుపోవడానికి వచ్చింది.

"ఏమమ్మా, ఇది పని చేస్తాదా?" అని సీసా వాసన చూసి అడిగింది.

"సారు చెప్పినాడు గదా."

"సారును గాదు, నిన్ను అడుగుతాండా. చేసేది నువ్వంట గదా. నాలుగో మంచంలో ఒకామె ఉండాది. కాలి పుండు. రోజూ పోసే పసుపు మందు ఆపేసి ఈ పొద్దు నుంచి ఇదే పోయమన్నారు. తగ్గకుంటే ఆ కాలు తీసేయాల్సి వస్తాది."

సీసాలకు మూతలు బిగించి ఆమె చేతికిచ్చాను. ఆసుపత్రికి ఎక్కువ కావాలని ఈసారి రసాన్ని గిన్నెల్లో కాకుండా ఒక కొత్త పెద్ద జాడీలోనే ఆరబెట్టి, కరిగించి సీసాల్లో పోశాను. ఆ జాడీకి యాసిడ్ తగల్లేదు. అందులో ఉన్నది వట్టి చీనీ తొక్క.

రెండు రోజులు ఆగి మధ్యాహ్నం ఆసుపత్రికి పోయాను. నాలుగో మంచంలో ఆమె నా వయసుదే. శెనక్కాయ చేన్లో పని చేసుకునే మనిషి. పార తగిలి పుండయిందట. కట్టు విప్పి ఉంది. పుండు వాసన నాకు కొత్త కాదు, రోజూ పెంచేదే. కానీ దాన్ని మనిషి మీద చూడడం అదే మొదలు.

నేనే మందు తయారుచేసేదాన్నని మార్తమ్మ చెప్పింది. ఆమె లేచి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ చేతి చలవ తల్లీ. కాలుంటే నా బిడ్డల్ని నేనే సాకుకుంటా. ఎవురి గడపా ఎక్కను."

నా చేతులు ఎవరైనా పట్టుకుని ఎన్ని ఏండ్లయిందో నాకు గుర్తులేదు. ఆమె వదిలేదాకా నేను వదిలించుకోలేదు.

చెప్పినాను

మరునాడు పొద్దున సారు రాగానే ఎదురు పోయి నిలబడ్డాను.

"సార్, చీనీ పనిచేయదు."

"ఏమంటున్నావు?"

"ఆ పెద్ద ఖాళీ వచ్చిన రోజు గుంటలో చీనీ లేదు సార్. నా చేతిలో ఒలికిపోయింది. గిన్నెలో నీళ్ళు తిప్పి పోసినా. గిన్నెకు పట్టిన యాసిడ్ పోలేదు సార్. తొట్లలో ముంచి తీస్తాండా. పన్నెండుసార్లు కడగడంలా."

ఆయన ముఖం చూడలేక బల్ల చూస్తూ చెప్పాను.

"ఎప్పటి నుంచి?"

"నీళ్ళ బండి తగ్గినప్పటి నుంచి."

"ఏ తారీఖు? ఏ పళ్ళెం నుంచి?"

నాకు తారీఖులు తెలియవు. ఏ రోజు ఎన్నిసార్లు కడిగానో, ఏ గిన్నె కొత్త నీళ్ళలో కడిగానో, ఏది పాత నీళ్ళలోనో ఎక్కడా గుర్తు పెట్టుకోలేదు.

"రాసి ఉంటే సగమైనా నిలిచేవి. ఇప్పుడు ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరికి తెలుసు? అన్నీ పోయాయి" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

తర్వాత ఆయన చేసిన పని మీరు గుర్తుంచుకోండి. గిన్నెలను పరీక్షించలేదు, నేను చెప్పింది నిజమా అబద్ధమా అని చూడలేదు, కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచి కూడా కింద పెట్టకుండా ఆ ఎండలో నడుచుకుంటూ ఆసుపత్రికి పోయి, చీనీ రసం ఆపించినాడు. తన నాలుగు నెలల పని పోయిందని తెలిసిన మనిషి మొదట అడుగు వేసింది అటు. నేను చూసిన పెద్దవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు తక్కువ.

తిరిగొచ్చాక కడిగిన గిన్నెల్లో నీళ్ళు తిప్పి కొత్త పళ్ళెంలో పోసినాడు. మరుసటి రోజు వాటి చుట్టూ ఖాళీలు వచ్చాయి. నాకు చూపించలేదు. పెట్టె మూసి, "అటెండర్, ఈ పళ్ళేలు ఉడకబెట్టి కడుగు" అన్నాడు.

నాలుగో మంచం ఆమెకు పాత మందే మళ్ళీ వేశారు. నాలుగు రోజులే ఆపడం వల్ల పెద్ద చేటు జరగలేదని మార్తమ్మ చెప్పింది. కాలు నిలిచింది, కుంటుకుంటూ ఇంటికి పోయిందట. ఎవరు ఏం చేశారో ఆమెకు తెలియదు. నేను మళ్ళీ పోయి చూడలేదు. ఆమె మళ్ళీ నా చేతులు పట్టుకుంటే ఏం చెప్పాలి?

నన్ను తీసేస్తారనుకున్నాను. ప్రిన్సిపాలు గారు తీసేయమనే అన్నారట. "గిన్నె కడగడమంటే ఏందో ఈ జిల్లాలో ఇప్పుడు ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆమెను తీసేస్తే నేను కొత్తవాళ్ళతో మొదటి నుంచి చెడగొట్టుకోవాలి" అని సారు చెప్పినాడని దస్తగిరి అన్న నాకు చెప్పినాడు. నాతో మాత్రం సారు ఏమీ అనలేదు. అప్పటి నుంచి మళ్ళీ అవే మూడు మాటలు: తే, కడుగు, ఆర్పు.

వానలు పడి కుళాయి వచ్చాక అంతా మొదటి నుంచి చేశాం. చీనీ చుట్టూ ఏమీ లేదు. అరటి చుట్టూ లేదు. సీతాఫలం చుట్టూ ఉండీ లేనట్టు. దానిమ్మ తొక్క ఒక్కటే నిజంగా పనిచేసింది, గోరంత ఖాళీతో. రెండేళ్ళ తర్వాత సారుకు బదిలీ అయింది. పోయే రోజు అందరికీ నమస్కారం పెట్టినాడు. నాకూ పెట్టినాడు, అందరికీ పెట్టినట్టే.

నేను చెప్పకపోయి ఉంటే ఆయన నాతో ఇంకా ఎన్నాళ్ళు మాట్లాడేవాడో అని చాలా ఏళ్ళు ఆలోచించాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను. నిజం చెప్పినవాళ్ళకు మనసు తేలికవుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు కాలేదు. అయినా చెప్పాలి.

దస్తగిరి అన్న బడి

"రాసి ఉంటే సగమైనా నిలిచేవి" అన్న మాట నన్ను వదల్లేదు. దస్తగిరి అన్నను అడిగాను.

"ఈ వయసులో ఏం రాస్తావు సుంకమ్మా, ప్రేమలేఖలా?"

"గిన్నెలు ఎన్నిసార్లు కడిగినానో రాయాల అన్నా."

ఆయన నవ్వు ఆపేసినాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట కూర్చోబెట్టేవాడు. వాడేసిన వడపోత కాగితాలు ఎండబెట్టి, వాటి మీద దిద్దించేవాడు. మొదట అంకెలు. తర్వాత నేను రోజూ పట్టుకునే వస్తువుల పేర్లు. గిన్నె, నీళ్ళు, సీసా, తొక్క. రాయడం వచ్చే సరికి రెండేళ్ళు పట్టింది. నా వేళ్ళు యాసిడ్‌కు మొద్దుబారిపోయి ఉండేవి, పెన్సిలు నిలిచేది కాదు.

మీకు చదువు ఉంది. అందుకని ఒకటే చెబుతాను. పద్ధతి మార్చాల్సి వస్తే మార్చండి, కరువులో ఏ పద్ధతీ నిలవదు. మార్చిన రోజే రాయండి, రాసి పైవాళ్ళకు చూపించండి. పన్నెండుసార్లు ఎందుకని అడగండి. చెప్పకపోతే మళ్ళీ అడగండి. ఆ రోజు నేను అడిగి ఉంటే, ఆయన చెప్పి ఉంటే, ఇదంతా లేదు. తప్పులో ఆయన వంతూ ఉంది. ఆయన ముందు ఎప్పుడూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

ఆరో గుంట

తొక్కల సారు ఉన్నప్పుడే పళ్ళెంలో ఆరో గుంట మొదలైంది. కడిగిన గిన్నెలో వట్టి నీళ్ళు తిప్పి అందులో పోయాలి. దాని చుట్టూ ఖాళీ వస్తే ఆ రోజు పళ్ళేలన్నీ పారేయాలి. ఆయన పోయాక కూడా నేను మానలేదు.

తర్వాత ఒక చిన్న వయసు సారు వచ్చినాడు. మా ధర్మవరం వైపు మనిషి. కొన్నాళ్ళు చూసి అడిగినాడు.

"ఏమ్మా, ఈ ఆరో గుంట ఏంది? ఎప్పుడు జూసినా దాని చుట్టూ ఏమీ ఉండదు. పుస్తకంలో యాడా రాసింది లేదు. అగార్ దండగ గదా?"

పాత పుస్తకాలు అక్కడే ఉన్నాయి. తొక్కల సారు ఆ నాలుగు నెలల పేజీలను అడ్డంగా కొట్టేసినాడు. ఎందుకు కొట్టేసినాడో రాయలేదు. నా తప్పు ఆ ప్రయోగశాలలో ఎక్కడా లేదు. అప్పటి ప్రిన్సిపాలు గారూ మారిపోయారు, నేనూ దస్తగిరి అన్నా నోరు మూసుకుంటే ఇంక ఎవరికీ తెలియదు. దస్తగిరి అన్న అప్పటికే రిటైరైనాడు.

చిన్న సారు అప్పుడప్పుడే నన్ను "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టినాడు. పండగపూట వాళ్ళింటి నుంచి ఓళిగలు, అవే బొబ్బట్లు, తెచ్చిచ్చినాడు. ఏమీ లేదు సార్, పాత అలవాటు అంటే సరిపోయేది. ఆ గుంట మానేసేవాళ్ళం. ఆయన నన్ను అట్లాగే పిలుస్తూ ఉండేవాడు.

చేతులు తుడుచుకుని మొదటి నుంచి చెప్పాను. తొట్లు, ఒలికిన చీనీ, నాలుగో మంచం, అన్నీ.

ఆయన లేచి పోయి బయట వరండాలో నిలబడినాడు. అయిపోయింది, ఈయనా ఇంతే అనుకుని నేను గిన్నెలు అందుకున్నాను.

కాసేపటికి లోపలికొచ్చి ఆ రోజు పుస్తకం తెరిచి నా ముందు పెట్టినాడు. పేజీ అంతా ఇంగ్లీషులో ఆయన రాత. అడుగున ఒక గీత ఖాళీగా ఉంది.

"ఆరోది నువ్వు పోస్తాండావు. నువ్వే రాయి."

"నాకు తెలుగే వచ్చు సార్."

"తెలుగులోనే రాయి."

పెన్ను నాకు అలవాటు లేదు. మొదటి అక్షరం దగ్గర సిరా మరక పడింది. ఇంగ్లీషు వరుసల కింద, ఒంకరగా, నేను చూసింది చూసినట్టు రాశాను.

"ఆరో గుంట. కడిగిన గిన్నె నీళ్ళు. క్రిమి గుంట అంచు దాకా పెరిగింది. పోసింది సుంకమ్మ."